పంటికింద సీసం

ముందుగా ఒక మాట చెప్పేస్తాను. తరవాత చదివినా మానినా మీ ఇష్టం. ఏ లోహాన్నీ నోట్లో పెట్టుకోకండి. బంగారమైనా సరే, పంటికింద పెట్టి చూడకండి. ఇదేం జాగ్రత్త, లోహాలు ఎవరు తింటారు అని మీరు నవ్వుకోవచ్చు. మాది కంచరి ఇల్లు. అమలాపురం బజారులో పాత ఇత్తడీ, రాగీ, సీసమూ కొనే కొట్టు మాది. కూరలో ఉప్పు చూడటం ఎంతో, మా ఇంట్లో లోహాన్ని కొరికి చూడటం అంత. మాలాంటి ఇళ్ళు ఈ దేశంలో ఇంకా ఉంటాయి. వాళ్ళ కోసం రాస్తున్నాను. కొంత నా కోసం కూడా రాస్తున్నాను, ఎందుకంటే ఈ సంగతి ఎవరికీ మొదటినుంచీ చివరిదాకా చెప్పలేదు.

రాసేది ఎడమచేత్తో. ఇది పంతొమ్మిదివందల యాభై ఆరో సంవత్సరం. కుడిచెయ్యి ఇప్పుడు చాలావరకు నా మాట వింటోంది కానీ కలం ఇస్తే మాత్రం కాసేపటికే అలుగుతుంది. కాబట్టి కొమ్ములూ దీర్ఘాలూ అటూ ఇటూ పోతే మన్నించండి.

*నలభై ఆరు*

నేను కాపరానికి వచ్చేటప్పటికే మా అత్తయ్యగారు పోయారు. ఇంట్లో ఉన్నది ముగ్గురం. మావయ్యగారు, ఆయన ఒక్కగానొక్క కొడుకు అయిన మా ఆయన, నేను. నేను ఐదో తరగతి దాకా చదివానని చెప్పుకుంటారు కానీ, అక్షరాలు నాకు బాగా వచ్చింది ఆ ఇంట్లోనే, అదీ తిరగేసి. అచ్చు అక్షరాలు అద్దంలో బొమ్మలా ఎడమ కుడిగా ఉంటాయి. ఏళ్ళ తరబడి వాటినే చూసినదాన్ని కనక ఇప్పటికీ మామూలు పుస్తకం తెరిస్తే మొదటి నిమిషం అన్నీ తప్పుగా అచ్చయినట్టు కనిపిస్తాయి.

ఆ అక్షరాలు మా ఇంటికి ఎందుకొచ్చాయంటే, యుద్ధం రోజుల్లో సీసం దొరకలేదు. చిన్న చిన్న అచ్చు ఆఫీసులవాళ్ళు అరిగిపోయిన అక్షరాలతోనే శుభలేఖలూ కరపత్రాలూ లాక్కొచ్చారు. యుద్ధం అయ్యాక ఒక్కొక్కరే పాతవి తూకానికి అమ్మేసి కొత్తవి తెప్పించుకోసాగారు. రాజోలు నుంచీ, కొత్తపేట నుంచీ, గోదావరి అవతల నుంచీ ఆ పాత అక్షరాలు గోనెసంచుల్లో పడవ మీద మా కొట్టుకి వచ్చేవి.

చూసేవాళ్ళకి సంచీలో ఉన్నదంతా ఒకటే నల్ల తుక్కు. మాకు కాదు. అక్షరం గట్టిది. సీసంలో తగరమూ, గట్టిదనం కోసం నీలాంజనమూ కలిపి పోస్తారు. అది మళ్ళీ అక్షరాలు పోసేవాళ్ళకే మంచి ధరకి వెళుతుంది. వరసకీ వరసకీ మధ్య ఎడం కోసం పెట్టే సన్న పలకలు ఉంటాయి. అవి మెత్తని సీసం. ఓడలరేవు బెస్తవాళ్ళు వల అంచుకి బరువు చుట్టుకోవడానికి అడిగేది దాన్నే. పొరపాటున అక్షరపు లోహం ఇచ్చామా, వంచేటప్పుడు పుటుక్కున విరుగుతుంది, మర్నాడు వాళ్ళు కొట్టు ముందుంటారు. బొమ్మలు అచ్చేసే దిమ్మల్లో కొన్ని తుత్తునాగంవి. ఆ ముక్క ఒక్కటి కరిగించే మూకుట్లో పడిందంటే మూకుడంతా పాడే, ఇక అక్షరానికి పనికిరాదు.

వీటిని పోల్చడానికి పద్ధతులున్నాయి. రాతి మీద పడేస్తే అక్షరం ఖణ్ మంటుంది, సీసం దబ్ మంటుంది. తెల్లగుడ్డ మీద గీస్తే సీసం పెన్సిలు గీతలాంటి గీత పెడుతుంది. విరిస్తే అక్షరం లోపల పంచదార పలుకుల్లా మెరుస్తుంది. సీసం అసలు విరగదు, వంగి ఊరుకుంటుంది. ఇవన్నీ చూశాక కూడా తేలనివి మిగులుతాయి. అవి నాలుగైదు చేతులు మారి, కరిగించి, మళ్ళీ పోసినవి, ఎవరేం కలిపారో దేవుడికే తెలియాలి. వాటి విషయంలో పన్నుదే ఆఖరి మాట.

నేను కాపరానికి వచ్చిన ఏడాదే మావయ్యగారి ఆఖరి పన్ను ఊడింది.

ఒకరోజు కొత్తపేట నుంచి ఒక వ్యాపారి సంచీ దింపి, అంతా అక్షరమే, కల్తీ లేదు అన్నాడు. మావయ్యగారు రాతి మీద వేశారు, గీశారు, విరిచారు. మూడు ముక్కలు మాత్రం చేతిలో పట్టుకుని చాలాసేపు కూర్చున్నారు. తరవాత వంటింటి వైపు తిరిగారు.

"అమ్మాయీ, ఓసారి ఇలా రామ్మా."

నేను చెయ్యి తుడుచుకుని తలుపు చాటుకి వచ్చాను.

"ఇవి కొరికి ఎలా ఉన్నాయో చెప్పమ్మా."

"నేనాండీ?"

"నా నోట్లో ఏవుందమ్మా చిగుళ్ళు తప్ప. నీ పలువరస సుబ్బరంగా ఉందని పెళ్ళిచూపుల్లోనే అనుకున్నాను."

ఆ వ్యాపారి నవ్వాడు. "ఏవండోయ్, ఆడకూతురు చెబితే ధర కట్టేస్తారేంటండీ?"

"ఆయ్. మా ఇంటి పిల్ల చెబితే కట్టేస్తానండీ."

కొరికాను. ఒకటి పంటికింద జారిపోయింది. రెండోది వెన్నలా దిగింది. మూడోది కాస్త దిగి ఆగిపోయింది, నాలుకకి తియ్యగా తగిలింది. అదే చెప్పాను. మావయ్యగారు మూడో ముక్కని కరిగించి చూశారు. పైన తేలిన పొరనిబట్టి, గడ్డకట్టిన తీరునిబట్టి, సగం సగం కలిసిన లోహం అని తేలింది. ఆ వ్యాపారి మారుమాట్లాడకుండా ధర తగ్గించుకున్నాడు. మావయ్యగారు ఆ రోజు భోజనాల దగ్గర, "మన ఇంట్లో ఒరగల్లు పుట్టిందిరా," అని మా ఆయనతో అన్నారు.

నాకు ఎంత సంతోషమయిందో చెప్పలేను. అప్పటిదాకా నేను ఆ ఇంట్లో అన్నం వండే మనిషిని. ఆ తరవాత మగవాళ్ళు మా అరుగు మీద కూర్చుని, నేను పొయ్యి మీద పప్పు దించి వచ్చేదాకా ఎదురుచూసేవారు. పాత సీసం మీద తెల్లని పొడి పడుతుంది. దాని తీపి నాకు అలవాటయింది. చేతులకి నలుపుండగానే చద్దన్నం తినేదాన్ని. మూకుడు మా పెరట్లో వంటపొయ్యి పక్కనే ఉండేది. ఆ పొగ వంటింట్లోకి వచ్చేది. ఎవరమూ ఏమీ అనుకోలేదు.

*నలభై ఏడు, నలభై ఎనిమిది*

మొదటి కడుపు నాలుగో నెలలో పోయింది. తొలిచూలు నిలవకపోవడం మామూలే అని ఊరు ఊరంతా చెప్పారు. నేనూ అలాగే అనుకుని లేచి తిరిగాను.

తరవాత నొప్పి మొదలయింది. బొడ్డు దగ్గర పట్టుకుని ఎవరో తడిబట్ట పిండినట్టు పిండేది. పొట్ట బల్లలా గట్టిపడేది. రోజుల తరబడి విరేచనం అయ్యేది కాదు. అన్నం చూస్తే కడుపులో తిప్పేది. వైద్యులుగారి అరుగు మీద నాలాంటి ఆడవాళ్ళు వరసగా కూర్చుని ఉండేవారు. ఒకరి బాధ ఒకరు వింటూ ఎవరి పొట్ట వాళ్ళు పట్టుకుని గంటలు గడిపేవాళ్ళం. ఆయన వేడి అన్నారు, తరవాత వాతం అన్నారు. వాము కషాయం తాగాను. ఆముదం తాగాను. తాగినప్పుడల్లా రెండు రోజులు తగ్గేది.

ఒంట్లో నెత్తురు తగ్గి పాలిపోయాను. పేరంటానికి వెళితే, "మీ కోడలు రంగు తేలిందండీ, నీడపట్టున సుఖంగా ఉంచుతున్నారు," అని మావయ్యగారితో చెప్పమన్నారు. మెచ్చుకోలే కదా అని నేను కూడా మురిశాను. మా ఆయన మాత్రం నా గోళ్ళు తిప్పి తిప్పి చూశారు.

రెండోసారి కార్తీకంలో పోయింది. ఐదో నెల. ఈసారి మగపిల్లవాడని మంత్రసాని చెప్పింది. ఎందుకు చెప్పిందో, చెప్పకపోతే ఏం పోయిందో. ఈసారి లేచి తిరగలేకపోయాను. గోడ వైపు తిరిగి పడుకుని ఏడ్చాను. పక్కింటావిడ ఓదార్చడానికి వచ్చి నా తలగడ దగ్గర కూర్చుని అంది:

"మీ అత్తగారి పోలికే వచ్చిందమ్మా నీకు. ఆవిడకీ ఇంతే. కడుపు పండేది, నిలిచేది కాదు. మీ ఆయనొక్కడు దక్కేడు. ఆవిడ జాతకవే అంత."

గడప అవతల మావయ్యగారు ఉన్నారు. ఆయన లేచి వెళ్ళిపోయిన చప్పుడు వినపడింది. అత్తయ్యగారి మాట వస్తే ఆయన ఎప్పుడూ అలాగే లేచిపోయేవారు. ఆవిడంటే ఇష్టం లేక అనుకునేదాన్ని.

*నలభై తొమ్మిది*

వేసవిలో నూతి దగ్గర చేద తోడుతుంటే తాడు చేతిలోంచి జారిపోయింది. మళ్ళీ పట్టుకుందామంటే చెయ్యి పైకి లేవలేదు. మణికట్టు దగ్గర వాలిపోయి వేలాడింది. నొప్పి లేదు. నొప్పి లేకపోవడమే నన్ను భయపెట్టింది.

మా ఆయన పరుగున వచ్చారు. వెనకాల వచ్చిన మావయ్యగారు నా చేతిని చూసి, తన కుడిచెయ్యి ముందుకు చాపారు. అదీ అలాగే వాలి ఉంటుంది. నేను వచ్చినప్పటినుంచీ చూస్తున్నదే.

"భయపడకమ్మా. మా నాన్నకీ ఇంతే, మా తాతకీ ఇంతే. పని వంటబట్టినవాడికి చెయ్యి వాలుతుంది. ఇది మా ఇంటి గుర్తు."

ఆ ఇంట్లో ఒక ఆచారం ఉంది. కొట్లో గల్లాపెట్టె పక్కన పనసచెక్క పీట ఒకటి ఉంటుంది. లోహం చూసి మాట చెప్పే పెద్ద దాని మీద కూర్చుంటాడు. చెయ్యి వాలినవాడే ఆ పీటకి అర్హుడు. మా ఆయన చెయ్యి బాగానే ఉంది కనక, ఆయనకి ఇంకా ఆ పీట రాలేదు. ఆ వారంలో మంచిరోజు చూసి, మావయ్యగారు పీట కడిగించి పసుపు రాయించి నన్ను కూర్చోబెట్టారు. ఆ ఇంట్లో ఆడమనిషి దాని మీద కూర్చోవడం అదే మొదలు. ఆయన కళ్ళు చెమర్చాయి. ఆయన నిజంగా నన్ను గౌరవించారు. చేద తోడలేని చేత్తో నేనూ గర్వంగానే కూర్చున్నాను.

ఆషాఢం వచ్చేసరికి మూడోసారి నెల తప్పింది. నెల తప్పినప్పటినుంచీ నిద్ర లేదు. కాలు తడబడినా భయం, తుమ్మినా భయం. శ్రావణంలో మళ్ళీ ఆ మెలిపెట్టే నొప్పి వచ్చింది. నేల మీద పడి దొర్లుతుంటే మా ఆయన నన్ను ఎత్తి మంచం మీద వేశారు. ఆయన తండ్రి ఎదట గొంతెత్తి మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. ఆ రోజు విన్నాను.

"నాన్నా, రేపు పొద్దుటి పడవకి దీన్ని ఆసుపత్రికి తీసుకెళ్తున్నాను."

"వాతానికి ఆసుపత్రేంట్రా? వాళ్ళు కోతలు కోస్తారు."

"వాతవో గీతవో వాళ్ళే చెబుతారు. రెండుసార్లు మీరు చెప్పినట్టు విన్నాను. ఈసారి వినను."

 మావయ్యగారు పొద్దున్న రేవుకి మాతో రాలేదు. పడవలో పరుచుకోమని కొత్త జంబుఖానా మాత్రం పంపించారు.

*ఆసుపత్రి వరండా*

గోదావరి అవతల మిషను ఆసుపత్రి అది. పేరు అనవసరం. లోపలికి పిలిచేదాకా వరండాలో ఉండాలి. చంటిపిల్లల తల్లులు, కాలికి గుడ్డ చుట్టుకున్న కూలీలు, ఎవరిదో శవం కోసం ఎదురుచూస్తున్న ముసలాయన, అందరం ఆ సిమెంటు గచ్చు మీదే. కులం అడగని చోటు నేను చూడటం అదే మొదలు. ఉప్పలగుప్తం వైపు నుంచి వచ్చిన ఒక ముసలావిడ తన దగ్గరున్న ఒక్క కొబ్బరిబోండాన్నీ కొట్టించి నాకిచ్చింది. "కడుపుతో ఉన్నావు, ముందు నువ్వు తాగమ్మా," అంది. ఆవిడ పేరు కూడా అడగలేదు. ఆ నీళ్ళ రుచి ఇప్పటికీ మరిచిపోలేదు.

నన్ను చేర్చుకున్నారు. డాక్టరమ్మగారు మన తెలుగావిడే. నెమ్మదిగా, తక్కువగా మాట్లాడతారు. ఏం పని చేస్తావని అడిగారు.

"ఇంటిపనేనండి," అన్నాను.

అబద్ధం చెబుదామని కాదు. ఆడది చేసేదంతా ఇంటిపనే కదా. మా ఆయన్ని అడిగితే, తనది కంచరిపని అన్నారు, నా సంగతి చెప్పాలని ఆయనకీ తోచలేదు. నెత్తురు తీసి చూశారు, పొట్ట నొక్కి చూశారు, చెయ్యి ఎత్తమన్నారు. రోజులు గడిచాయి కానీ ఇదీ జబ్బు అని తేలలేదు. నొప్పి వచ్చినప్పుడల్లా పొట్ట మీద చెయ్యి వేసుకుని, "నువ్వు మాత్రం కదలకు నాయనా," అని లోపలి బిడ్డని బతిమాలుకునేదాన్ని.

మా వార్డులో సువార్తమ్మ అని రాజోలువైపు నర్సమ్మ ఉండేది. తాతల నాడు పొలాల్లో కూలిచేసిన కుటుంబం, తండ్రి మాస్టారట. గలగలా మాట్లాడేది. నాకు ఎడమచేత్తో అన్నం తినడం రాక మీద పోసుకుంటుంటే, ఎవరూ చూడకుండా వచ్చి కలిపి ముద్దలు పెట్టేది. "నాకూ పసిపిల్లుందమ్మా, అలవాటే," అనేది.

ఒక ఉదయం ఆవిడ మెళ్ళో సిలువ గొలుసు చూసి పక్క మంచం ఆవిడ, "బంగారవేనా అండీ, రోల్డుగోల్డా?" అని అడిగింది. సువార్తమ్మ మూతి తిప్పి, "మా అత్తగారు బంగారం అనే పెట్టేరు మరి. అత్తగార్ల మాట నమ్మొచ్చంటారా?" అంది.

నేను ఊరుకోలేకపోయాను. "ఇలా ఇవ్వండి, కొరికి చెబుతాను. మా అమలాపురంలో నా పన్ను మాటకి తిరుగులేదు," అన్నాను.

వార్డంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఆ ఏడాదిలో నోరారా నవ్వడం అదొక్కసారే. సరిగ్గా అప్పుడే డాక్టరమ్మగారు లోపలికి వచ్చారు. నన్ను చూసి ఆగిపోయారు.

"మళ్ళీ నవ్వమ్మా."

"నవ్వమంటే నవ్వొస్తుందాండీ?"

ఆవిడ నవ్వలేదు. నా పెదవి ఎత్తి వెలుతురు వైపు తిప్పారు. సువార్తమ్మ చేత అద్దం తెప్పించి నాకే చూపించారు. పళ్ళ మొదట్లో, చిగురు అంచున, కాటుకతో గీసినట్టు సన్నని నీలి గీత ఉంది. పక్కలనున్న కొరికే పళ్ళ దగ్గర ఇంకా నల్లగా ఉంది. పుగాకు మరకలాంటిదేదో అనుకుని నేను పట్టించుకోనిదే అది.

"నువ్వు ఏం కొరుకుతావు?" అని అడిగారు.

అప్పుడు చెప్పాను, అక్షరాల సంగతి, మూకుడు సంగతి, పీట సంగతి. చెబుతున్నకొద్దీ ఆవిడ ముఖం మారింది.

"నీ ఒంటినిండా సీసం చేరిందమ్మా. నొప్పి దానిదే. చెయ్యి వాలడం దానివల్లే."

"మరి పోయిన ఇద్దరు?"

ఆవిడ నా మంచం అంచున కూర్చున్నారు. "సీసం తల్లితో ఆగదు. కారణం అదే అయి ఉంటుంది," అన్నారు.

"ఈ బిడ్డ?"

"మాట ఇవ్వలేను. కానుపయ్యేదాకా ఇక్కడే ఉండు. ఆ ఇంటి గాలి పీల్చకు, ఆ ఇంటి మట్టి తొక్కకు. మిగతాది దేవుడి దయ."

 ఆ పూట నాకు ఏడుపు రాలేదు. నోరు పుక్కిలించాను. మళ్ళీ పుక్కిలించాను. సువార్తమ్మ వచ్చి చెంబు తీసేసుకునేదాకా పుక్కిలిస్తూనే ఉన్నాను. ఆ తీపి నాకు ఎంతో ఇష్టంగా ఉండేది.

*మావయ్యగారు వచ్చిన రోజు*

కార్తీకం వెళ్ళాక మావయ్యగారు వచ్చారు. అరటిగెల తెచ్చారు. వరండాలో బల్ల మీద నా పక్కన కూర్చుని కాసేపు క్షేమ సమాచారాలు అడిగారు. తరవాత ఉత్తరీయం కొస ముడి విప్పడానికి ఎడమచేత్తో తంటాలు పడ్డారు. ముడిలో చిన్న లోహపు ముక్క ఉంది.

"ఇది ఎటూ తేలట్లేదమ్మా. కాకినాడ సరుకు. నువ్వయితే చిటికెలో చెబుదువని పట్టుకొచ్చేను."

ఆయన అరచేతిలో ఉన్న ఆ ముక్కని చూశాను. చెప్పొద్దూ, నా నోట్లో నీరూరింది. ఆ మాట ఇప్పటికీ నన్ను భయపెడుతుంది.

జబ్బు అన్నారని మా ఆయన ఇంట్లో చెప్పారు గానీ, ఏ జబ్బో తండ్రికి చెప్పలేకపోయారు. కాబట్టి నేనే చెప్పాను. డాక్టరమ్మగారు చెప్పిన మాటలన్నీ ఉన్నవి ఉన్నట్టు చెప్పాను. పెదవి ఎత్తి గీత కూడా చూపించాను. ఆయన నమ్మరేమో, కోప్పడతారేమో అనుకున్నాను. ఆయన కోప్పడలేదు. చాలాసేపు తన వాలిన చేతిని ఒళ్ళో పెట్టుకుని దాన్నే చూస్తూ ఉన్నారు.

"మూకుడు దగ్గర గొట్టంతో ఊదేది మీ అత్తయ్యేనమ్మా," అన్నారు చివరికి.

నేను అరటిగెల పక్కకి నెట్టి దగ్గరికి జరిగాను.

"కడుపుతో ఉండి కూడా ఊదేది. నేనే ఊదమనేవోణ్ణి. ఒక్కొక్కళ్ళే పోతుంటే జాతకం మంచిది కాదన్నారు. మా అమ్మ అంది. ఊళ్ళోవాళ్ళన్నారు." వాలిన చేతిని ఎడమచేత్తో నిమురుకున్నారు. "నేనూ అన్నానమ్మా. ఆవిడ మొహం మీదే అన్నాను. నిజవేనేమో అనుకుంటూనే పోయింది ఆ పిచ్చిది."

ఆయన లేచి కుళాయి దగ్గరికి వెళ్ళారు. ఒక చెయ్యి వాలిపోయిన మనిషి చేతులు కడుక్కోవడం ఎంత కష్టమో నాకు తెలుసు. మోచేత్తో తిప్పి, ఒక చేతిని రెండో చేతికి వేసి రుద్దుకున్నారు. వచ్చి కూర్చుని, మళ్ళీ వెళ్ళి కడుక్కున్నారు. వెళ్ళేటప్పుడు ఎప్పటిలా నా తల మీద చెయ్యి పెట్టి దీవించబోయి, సగంలో వెనక్కి తీసుకున్నారు. ఆ లోహపు ముక్కని మళ్ళీ ముడి వేసుకుని తీసుకుపోయారు.

ఇంటికి వెళ్ళి పెరటి మట్టి తవ్వించారట. మనిషి లోతు కాకపోయినా మోకాలి లోతు తీయించి, కొత్తమట్టి పోయించారట. వంటిల్లు కడిగించి సున్నం కొట్టించారట. మూకుడు ఊరవతల కాలవగట్టుకి మార్చి, తన మంచం కొట్లోకి మార్చుకున్నారట. పనసచెక్క పీట ఏమయిందని మా ఆయన్ని అడిగితే, నాన్న పొయ్యిలో పెట్టేశారు అన్నారు. సంతోషించాల్సింది పోయి, ఆ మాటకి నేను ఏడ్చాను. ఆ పీట మీద నేను కూర్చుంది ఎన్నాళ్ళని.

*యాభై, ఆ తరవాత*

నెలలు నిండకముందే మాఘంలో ఆడపిల్ల పుట్టింది. అరచెయ్యంత ఉంది. ఏడవలేదు. సువార్తమ్మ దాన్ని తలకిందులుగా పట్టుకుని, "ఏడవవే తల్లీ, ఏడు, మీ అమ్మ ఎంత ఏడిచిందో నీకు తెలుసా," అని వీపు తట్టింది. అప్పుడు పిల్లిపిల్లలా ఒక్క కూత కూసింది. అంత మంచి పాట నేను ఇంతవరకూ వినలేదు.

అత్తయ్యగారి పేరే పెట్టాం. రత్తమ్మ. ఊరంతా తిట్టిపోసిన జాతకం ఆ పేరుది. ఆ పేరే కావాలని పట్టుబట్టింది నేను. మావయ్యగారు గుమ్మంలో నిలబడి విన్నారు, లోపలికి రాలేదు.

పిల్ల నడక ఆలస్యం, మాట ఆలస్యం. అందుకు కూడా సీసమే కారణమా అని డాక్టరమ్మగారిని అడిగితే, "కనిపెట్టుకుని ఉండు," అన్నారు. కనిపెట్టుకునే ఉన్నాను. పాలూ, మందూ, విశ్రాంతీ నా నొప్పిని మెల్లగా మాన్పాయి. చేతికి చెక్కబద్ద కట్టి నెలల తరబడి ఉంచారు. గుప్పెట తెరవడం మళ్ళీ నేర్చుకున్నాను. నా చిగురు మీది గీత ఏడాదికి చెదిరిపోయింది. కూతురి చిగుళ్ళు మాత్రం ఈ రోజుకీ పొద్దున్నే చూస్తాను. అదొక ఆట అనుకుని అది నోరు తెరుస్తుంది.

మావయ్యగారికి వేరే పని రాదు. కొన్నాళ్ళకి కరిగించడం కూడా మానేశారు కానీ, కొట్లో కూర్చుని చప్పుడు వినీ గీత చూసీ అక్షరాలు కొనడం మానలేదు. తేలనివి కొనేవారు కాదు. మేం ఎంత పిలిచినా ఇంటి గడప దాటి వచ్చేవారు కాదు. భోజనం నేను పట్టుకెళ్ళి అరుగు మీద పెట్టాలి. పిల్ల పరుగెత్తుకెళితే దూరంనుంచే, "వద్దమ్మా, వద్దు, నా దగ్గిరికి రాకు, బూచి," అని తరిమేవారు. వంశాంకురం కోసం ఎన్ని మొక్కులు మొక్కిన మనిషి! ఉన్న ఒక్క మనవరాలినీ ఐదేళ్ళపాటు ముట్టుకోలేదు. పరాయివాళ్ళు చూసి, ఆడపిల్ల పుట్టిందని ముసలాయనకి కోపం అనుకునేవారు. అననియ్యమ్మా అనేవారు మావయ్యగారు.

పోయిన ఏడు వర్షాలకి ఆయన మంచాన పడ్డారు. ఆసుపత్రికి రానన్నారు. అప్పుడు కూడా కొట్లోనే ఉంటానని పంతం పట్టారు. ఒక సాయంత్రం నేను గంజి పడుతుంటే పిల్ల నా వెనకే వచ్చి చేరింది. మంచం పట్టె మీంచి ఆయన కుడిచెయ్యి కిందికి వేలాడుతోంది. అది ఆ చేతిని చూసింది. రెండు చేతులతో పట్టుకుని పైకెత్తి, కింద కూర్చుని, తన తల మీద పెట్టుకుంది. నేను దీవించేటప్పుడు అలా పెడతాను కదా, అది చూసి నేర్చుకుంది.

"తియ్యమ్మా," అన్నారు ఆయన నాతో. "దాన్ని తియ్యమ్మా."

చెయ్యి వెనక్కి తీసుకునే బలం ఆయనకి లేదు. నేను తియ్యలేదు. అది కళ్ళు మూసుకుని కదలకుండా కూర్చుంది. ఆయన వేళ్ళు దాని జుట్టులో కొద్దిగా కదిలాయి. ఆయన కళ్ళనుంచి నీళ్ళు చెవుల్లోకి కారాయి. కాసేపయ్యాక ఆయనే అన్నారు:

"ఇంక చాలమ్మా. తలంటెయ్యి పిల్లకి. ఇక్కడే, నాకు కనిపించేలాగ."

కొట్టు ముందు అరుగు కింద దాన్ని కూర్చోబెట్టి కుంకుడుకాయ రసంతో తలంటాను. చల్లగా ఉందని అది ఏడుస్తోంది. లోపలినుంచి ఆయన చెబుతూనే ఉన్నారు.

"చెవుల వెనకాలమ్మా. ఇంకోసారి రుద్దు. ఆయ్, అలాగ. ఇంకొక్కసారి."

నేను రుద్దుతూనే ఉన్నాను.